ఊరి పేరు రాయవద్దన్నారు

నా బ్లాగులో మొదటి కథనం బయట పెట్టే ముందు ఫోనులో మా పిన్నికి చదివి వినిపించాను. కొళాయి వచ్చే వేళలు, మంచినీళ్ల టిన్ను ధర, పైపు పగిలిన చోటు సరిగ్గా రాశానో లేదో చూసుకోవాలని. పిన్ని మధ్యలో ఆపి దిద్దింది. టిన్ను ఇంటికి తెచ్చి దింపితే ఒక ధర, మనమే ప్లాంటు దగ్గరికి వెళ్లి పట్టుకుంటే ఇంకో ధర అని గుర్తు చేసింది. అంతా విన్నాక, "బాగానే రాశావు గానీ తల్లీ, ఊరి పేరు మాత్రం రాయకు" అంది.

ఎందుకని నేను అడగలేదు. మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటల నేల. బీపీ, షుగరు ఏమీ లేనివాళ్లకు కూడా ఇక్కడ కిడ్నీలు పాడైపోతాయి. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్లను అనుమానించేవాళ్లున్నారు, పురుగుమందులను అనుమానించేవాళ్లున్నారు, మండుటెండలో గుక్కెడు నీళ్లు తాగే తీరిక లేకుండా చేసే కూలి పనిని అనుమానించేవాళ్లున్నారు. ఐదో తరగతి దాటని మా ఊరి పెద్దలు కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె, సీరం క్రియాటినిన్ అనే మాటను తడబడకుండా పలుకుతారు. ఎవరికి ఎంత ఉందో దశాంశంతో సహా చెబుతారు.

పత్రికల్లో ఉద్దానం పేరు కొత్తేమీ కాదు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలు అయినప్పుడు రాశారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని ప్రారంభించినప్పుడు రాశారు. ఎన్నికల ముందు ఇంకా ఎక్కువ రాస్తారు. నేను చిన్నప్పటి నుంచి చూసిన కథనాల్లో చాలావాటికి ఒకే ఫోటో: అరుగు మీద కూర్చున్న ఒక ఆడమనిషి, చేతిలో పోయిన భర్త పటం. శీర్షికలో 'మృత్యు' అనే రెండక్షరాలు ఎలాగూ ఉంటాయి. విలేకరి వచ్చిన కారు సాయంత్రానికి వెళ్లిపోతుంది, ఊరి పేరు మాత్రం అచ్చులో ఉండిపోతుంది. ఆ తర్వాత ఆ ఊరి పిల్లకు సంబంధం వచ్చినప్పుడు, అవతలివాళ్లు మొదట చేసే పని ఫోనులో ఊరి పేరు కొట్టి చూడటం. మా పిన్నికి పెళ్లీడు కూతురుంది.

అందుకని పేరు రాయలేదు. రాయకపోవడం క్లాసులో పెద్ద చర్చే అయింది. నేను విశాఖపట్నంలో ఎం.ఏ. జర్నలిజం చదువుతున్నాను. రెండో సంవత్సరంలో పౌర పాత్రికేయం, అంటే విలేకరులు కాని మామూలు మనుషులు వార్తలు రాయడం, ఒక పేపరు. దానికి రాత పరీక్ష లేదు. సెమిస్టరంతా ఎవరి బ్లాగు వాళ్లు నడపాలి, మార్కులు దానికే. మాస్టారు చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి వచ్చినవారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే ప్రశ్నల్లో ఒకదాన్ని ఖాళీగా వదిలేస్తే ఊరుకునే మనిషి కాదు. "ఎక్కడ జరిగిందో చెప్పని వార్తను నేను ఎందుకు నమ్మాలి?" అని అడిగారు. నిజమే, పాఠకుడు కూడా అదే అడుగుతాడు. చివరికి ఆయనే ఒక దారి చూపారు. ఊరి పేరు ఆయనకు చెప్పాలి, ఆధారాలు చూపాలి. కథనంలో పేరు దాచామని, ఎందుకు దాచామో మొదటి పేరాలోనే రాయాలి. దాచిన సంగతిని దాచకూడదన్నమాట. అప్పటి నుంచి నా ప్రతి కథనం అలాగే మొదలవుతుంది. చదివేవాళ్లలో కొందరికి అది విసుగు. నాకేమీ ఇబ్బంది లేదు.

తోటివాళ్లు ఎక్కువమంది విశాఖలోని చోట్లే ఎంచుకున్నారు. బీచ్ రోడ్డు బండ్లు, ఫిషింగ్ హార్బరు, హాస్టల్ మెస్సు. మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే: మీరు నిలబడి చూడగలిగే చోటు గురించి రాయండి. నేను సెలవులకు పలాస ప్యాసింజరు ఎక్కి వెళ్తే తప్ప ఊళ్లో నిలబడలేను. అయినా మా ఊరే తీసుకున్నాను, ఎందుకంటే అక్కడ నేను లేనప్పుడు కూడా నా తరఫున నిలబడి చూసే మనుషులున్నారు. బీచ్ రోడ్డులో నాకెవరున్నారు?

పాఠాల్లో ఈ విద్యకు ఉదాహరణలుగా చెప్పే కథలు కొన్ని ఉన్నాయి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద విమానం దిగినప్పుడు, పడవలో ఉన్న ఒక ప్రయాణికుడు ఫోనుతో ఫోటో తీసి ట్విటర్‌లో పెట్టాడు. 2011 మే నెలలో పాకిస్తాన్ ఊరు అబోటాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ మనిషి, అర్ధరాత్రి హెలికాప్టర్ చప్పుడు ఏమిటని విసుక్కుంటూ ట్వీట్లు పెట్టాడు. అది బిన్ లాడెన్ మీద దాడి అని అతనికి తెలియదు. క్లాసులో అందరూ వీటిని ఎంతో ఇష్టంగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అవి అంత గొప్పగా అనిపించలేదు. వాళ్లు ఆ వేళకు అక్కడ ఉన్నారు, అంతే. మర్నాడు వాళ్లు ఏం రాశారో ఎవరికైనా గుర్తుందా?

దీనికి నా సొంత కారణం ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీద పడింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. ఫోను ఛార్జింగు ఉన్నంతసేపు టార్చిలైటుగా పనికి వచ్చింది, ఆ తర్వాత దానికీ పనికి రాలేదు. వార్త జరగాల్సిన చోట వార్త పంపే సాధనమే లేదు. సమాచారం కాలినడకన, సైకిలు మీద వచ్చింది. సోంపేట వైపు నుంచి ఎవరైనా వస్తే చాలు, చుట్టూ మూగి అడిగేవాళ్లం: హైవే తెరిచారా, పాలు దొరుకుతున్నాయా, ట్యాంకరు ఎటు వైపు వెళ్లింది? వచ్చినవాడు ఏం చెప్పినా మా తాతయ్య తిరిగి వేసే ప్రశ్న ఒకటే. "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" చెప్పారంటే, "ఎవరు చెప్పారు?" అనేవారు. కరెంటు వచ్చాక ఫోన్ల నిండా తిత్లీ వీడియోలు. ఒకదానిలో గాలికి అద్దాలు పగిలిపోతున్న ఆరంతస్తుల భవనాలు ఉన్నాయి. మా చుట్టుపక్కల అప్పటికి రెండంతస్తుల మేడ ఉంటే అదే గొప్ప.

వాస్తవాల పరిశీలన పాఠంలో రివర్స్ ఇమేజ్ సెర్చ్ (ఒక ఫోటో అంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతకడం), ఫోటోలో నీడలు పడిన దిక్కు, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయన్న సంగతి, అన్నీ నేర్పించారు. పనికొచ్చే విద్యలే. కానీ నా నోట్సు పుస్తకంలో ప్రతి పేజీని రెండు నిలువు వరుసలుగా గీసుకున్నది మాత్రం తాతయ్య ప్రశ్న వల్ల. ఎడమవైపు చూసినవి, కుడివైపు విన్నవి. కుడివైపు ఉన్నది ఎడమవైపుకు రావాలంటే ఇంకొకరైనా చూసి ఉండాలి, లేదా ఒక కాగితమైనా ఉండాలి. 2018 మే, జూన్ నెలల్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు ఊళ్లకు ఊళ్లను పట్టుకున్నప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని, డప్పు కళాకారుల్ని ఊరూరికీ పంపి ఇదే ప్రశ్న నేర్పించే పని చేశారు. ఎవరికి వారు అడిగి తెలుసుకోండి, అందిందల్లా పంపకండి అని. పాఠ్యప్రణాళికలో దీనికి ఒక గంట ఇస్తే బాగుండేది.

విదేశీ ఉదాహరణల్లో నాకు నచ్చింది కొరియాది. 2000 ఫిబ్రవరి 22న ఓ యోన్‌హో అనే పాత్రికేయుడు 727 మంది పౌర విలేకరులతో ఓమైన్యూస్ మొదలుపెట్టాడు. ప్రతి పౌరుడూ విలేకరే అన్నది దాని నినాదం. నినాదం కంటే దాని లోపలి ఏర్పాటు నాకు ముఖ్యమనిపించింది. రాసేవారు ఎవరో సంపాదకులకు తెలియాలి, వచ్చినదాన్ని వాళ్లు సరిచూడాలి. అంటే ఎవరైనా రాయవచ్చు గానీ, ఏదైనా అచ్చుకాదు.

దానికన్నా దగ్గరిది ఛత్తీస్‌గఢ్‌లోని సీజీనెట్ స్వర. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌదరి 2010లో దాన్ని ప్రారంభించారు. ఇంటర్నెట్ లేని, చదువు రాని అడవి పల్లెల మనిషి మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేసి, తన ఊరి సంగతి గోండిలోనో హిందీలోనో చెప్పవచ్చు. నిర్వాహకులు విచారించాక మిగతావాళ్లు ఫోనులోనే వింటారు. దాని పద్ధతిలో ఒక ముక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. చెప్పే మనిషి చివర్లో, ఈ పని చేయాల్సిన అధికారి ఫోను నంబరు ఇదీ, మీరూ చేసి అడగండి అని విన్నవాళ్లను కోరుతాడు. పని జరిగితే మళ్లీ ఫోను చేసి, బోరు బాగుచేశారు అని చెబుతాడు. మన పత్రికల్లో సమస్య కనిపించినంత తరచుగా దాని తర్వాతి సంగతి కనిపించదు. అధికారుల నంబర్లు పెట్టడం నేనూ అక్కడి నుంచే తీసుకున్నాను. కార్యాలయపు నంబరు మాత్రమే, ఎవరి సొంత ఫోనూ కాదు.

మన దగ్గర ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదని మాస్టారు తరచూ అంటారు. ఆయనది రాజమండ్రి. వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టి అధికారుల లంచగొండితనం మీద రాసినప్పుడు ఆయనకు ఏ జర్నలిజం డిగ్రీ ఉందని వాదిస్తారు. నాకైతే ఉపాధి హామీ సామాజిక తనిఖీలు గుర్తొస్తాయి. మా చిన్నప్పుడు మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పైకి చదివేవారు. ఫలానా వారంలో ఫలానా మనిషి ఆరు రోజులు పనిచేసినట్టు రాసి ఉంది అనగానే వెనకనుంచి ఎవరో లేచి, ఆ వారం అతను ఒడిశాలో ఉన్నాడు అనేవారు. కాగితంలో ఉన్నదాన్ని ఊరి జ్ఞాపకంతో పోల్చి చూడటం. నేను రాయాలనుకున్నది ఆ పనే.

ఇక మా మండల విలేకరుల సంగతి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టి, మండలానికో విలేకరి వచ్చాడు. ఊరి పేరు అచ్చులో చూసుకోవడం అప్పటి నుంచే తెలుగువాళ్లకు రోజువారీ సంగతి అయింది. వాళ్లను తక్కువ చేయడం మా క్లాసులో ఒక వినోదం, నేను అందులో చేరను. అచ్చయిన మేరకు లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో బతకమంటారు, పైగా పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెమ్మంటారు. ప్రకటన ఇచ్చిన మనిషి మీద మర్నాడు వార్త రాయడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించుకోవచ్చు. నాకు ఆ బరువు లేదు, బస్సు ఖర్చులు నాన్న ఇస్తారు. కానీ వాళ్లకు ఉన్నది ఒకటి నాకు లేదు: డెస్కు. రాసిందాన్ని నిద్రమొహంతోనైనా ఇంకొకరు చదువుతారు. అందుకే హాస్టల్లో నేను, అనకాపల్లి నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు ఒప్పందం చేసుకున్నాం. ఒకరిది ఇంకొకరు చదవకుండా బయట పెట్టకూడదు. ఆమె నా కథనాల్లో విశేషణాలన్నీ కొట్టేస్తుంది. 'దుర్భరమైన' అని రాస్తే, ఎన్ని బిందెలో రాయి అంటుంది.

అలా మొదలైంది నీళ్ల లెక్క. కొళాయి ఏ రోజు ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు వచ్చింది అన్నది వీధిలోని ఆడవాళ్లు క్యాలెండరు గడిలో రాసి, నెలాఖరుకు ఫోటో తీసి పంపేవారు. గ్యాసు బండ తేదీ, పాల లెక్క రాసే గడే అది. పక్క వీధి క్యాలెండరుతో పోల్చితే ఇద్దరిదీ ఒకేలా ఉన్న రోజులు ఎడమ వరుసలోకి వచ్చాయి. తేడా ఉన్నవాటికి కారణం కూడా తెలిసింది. ఆ వీధి పల్లంలో ఉంది, నీళ్లు ముందు వాళ్లకు అందుతాయి. ఇది ఏ పథకం మీదా ఆరోపణ కాదు, ఇది వాలు. కానీ రాసేవరకు మా వీధివాళ్లు అది వాల్వు తిప్పే మనిషి పక్షపాతమనే నమ్మారు.

నీళ్ల నాణ్యత దగ్గరకు వచ్చేసరికి క్యాలెండరు చాలదు. ప్లాంటు నీళ్లు అమ్మేవాళ్లు, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపించి భయపెడతారు. మంచినీటి ప్రమాణాల్లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే దారి లేకపోతే 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన ఆ నీళ్లలో సూక్ష్మజీవులో, పురుగుమందులో లేవని కాదు. మీటరుకు అవి తెలియవు. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలి. మా ఊళ్లో నేర్చుకున్న ఒకావిడను కలిస్తే అటక మీది నుంచి కిట్టు దించి చూపించింది. మందు సీసాలు ఖాళీ. పరీక్ష చేసినన్నాళ్లు రాసిన చిన్న పుస్తకం మాత్రం జాగ్రత్తగా ఉంచింది. ఆ పుస్తకం నాకు దొరికిన మొదటి దస్తావేజు.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం కింద ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, తెలుగులోనే రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ఈ సంగతి రాసినప్పుడు వచ్చినంత స్పందన నా ఏ కథనానికీ రాలేదు. 10 రూపాయలకే ప్రభుత్వాన్ని అడగవచ్చా అని ఆశ్చర్యపోయినవాళ్లలో ఇంజినీరింగు చదివినవాళ్లు కూడా ఉన్నారు. దరఖాస్తు ఎలా రాయాలన్నది సీనియర్లు చెప్పారు. ఎందుకు, ఎలా అని అడగకూడదు, అభిప్రాయాలకు జవాబివ్వరు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా ట్యాంకు నీళ్లకు జరిగిన పరీక్షల ఫలితాల నకళ్లు ఇవ్వండి, అంతే. రెండో ప్రతి మీద ముద్ర, సంతకం వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు.

జవాబు గడువు దాటాక, అప్పీలు వేశాక వచ్చింది. స్కాన్ చేసిన కాగితాలతో పాటు ఒక ఫైలు. అది యూనికోడ్ కాని పాత అను ఫాంటులో ఉంది, కాపీ చేస్తే తెలుగు కాస్తా పిచ్చి గీతలైపోయింది. పట్టికంతా మళ్లీ టైపు చేశాను. అలా చేయడం వల్లనే ఒక విషయం కంటపడింది: కొన్ని నెలల ఫలితాలు దశాంశంతో సహా ఒకటే. అది తప్పుడు లెక్క అని నేను రాయలేదు. రెండు నెలల అంకెలు పక్కపక్కన పెట్టి, దీని గురించి కార్యాలయాన్ని అడిగాం, జవాబు వచ్చాక చేరుస్తాం అని రాశాను. మాస్టారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీశారు. మెచ్చుకోలుకు కూడా ఆయన ఎర్ర గీతే గీస్తారు, అది అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది.

ఊళ్లో మాత్రం గొడవ మొదలైంది. ఒక పార్టీవాళ్లు, ఇప్పుడే ఎందుకు రాస్తున్నావు, ఇన్నాళ్లూ ఏం చేశావు అన్నారు. రెండో పార్టీవాళ్లు, ఆ పథకం తెచ్చింది ఎవరో రాయలేదేం అన్నారు. నాన్నను కొబ్బరి లోడు దగ్గర ఆపి, మీ అమ్మాయి ఎవరి తరఫున రాస్తోంది అని ఇద్దరూ అడిగారు. నగరంలో కూర్చుని రాసేవాళ్లకు తిట్లు తెర మీద వస్తాయి, మూసేస్తే పోతాయి. మాకు ఇంటికి వస్తాయి, కుర్చీ వేయాలి, టీ ఇవ్వాలి. అయితే దీనివల్ల ఒక లాభం ఉంది. ఎవరి గురించి రాస్తున్నానో వాళ్లను ముందే అడగక తప్పదు, ఎందుకంటే ఎలాగూ సాయంత్రానికి ఎదురుపడతారు. వాల్వు తిప్పే మనిషి మాట లేకుండా నీళ్ల కథనం రాసి ఉంటే, వాలు సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది చెప్పింది అతనే.

చట్టం భయం కూడా ఉంది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో బంద్ గురించి రాసినందుకు, ఇంకో అమ్మాయి దాన్ని లైక్ చేసినందుకు అరెస్టు చేశారు. అలాంటి అరెస్టులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పరువునష్టం మాత్రం నేరంగానే ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. అమ్మకు ఈ అంకెలేవీ తెలియవు, "పోలీసులు రారు కదా?" అని మాత్రం అడుగుతుంది. కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి దాని చోటు ఆమెకు చూపించాను. నిద్ర పట్టడానికి అది చాలింది ఆమెకు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైన కథనంలో కాగితమూ లేదు, గొడవా లేదు. మా పెదనాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకసారికి నాలుగు గంటలు యంత్రం మీద. ఆయన గురించి రాస్తానంటే, "నా రోగం గురించి ఏం రాస్తావమ్మా, అందరికీ తెలిసిందే. బస్సు గురించి రాయి" అన్నారు. ఆయన షిఫ్టు తెల్లవారుజామున మొదలవుతుంది. మొదటి బస్సు వచ్చేసరికి ఆయన యంత్రం మీద ఉండాలి. అందుకని ఆటో మాట్లాడుకోవాలి, ఒక్కడే అయితే పూర్తి కిరాయి. తిరిగి వచ్చేటప్పుడు నీరసం, బస్సు ఉంటుంది గానీ నిలబడలేరు. మళ్లీ ఆటో. పింఛనులో ఎంత భాగం రోడ్డు మీద పోతుందో ఆయన వేళ్ల మీద లెక్క చెప్పారు. నేను దాన్ని పట్టికగా వేశాను: ఏ షిఫ్టు ఎప్పుడు, ఏ బస్సు ఎప్పుడు, మధ్యలో ఎంత ఖాళీ, ఆటోకు ఎంత. ఫోటో కూడా మనిషిది కాదు, స్టాపులో గోడ మీద రాసిన బస్సు వేళలది. పెదనాన్న ముఖం చూపించనక్కర్లేదని ఆయన అనలేదు, నేనే వద్దనుకున్నాను. అరుగు మీది ఫోటోలు ఉద్దానానికి చాలానే ఉన్నాయి.

క్లాసులో ఒకరు, ఇందులో వార్త ఏముంది అన్నారు. ఎవరూ చనిపోలేదు, ఎవరూ రాజీనామా చేయలేదు, నిజమే. బస్సు వేళ కూడా ఇప్పటికీ మారలేదు, డిపోకు రాసిన ఉత్తరానికి పరిశీలిస్తామన్న జవాబు వచ్చింది. కానీ ఆ పట్టిక వాట్సాప్‌లో తిరిగి పక్క ఊళ్లకు చేరింది. అదే షిఫ్టుకు, అదే దారిలో వెళ్లే ఇంకో రెండు కుటుంబాలు పిన్నికి ఫోను చేశాయి. ఇన్నాళ్లూ మూడు ఊళ్ల నుంచి మూడు ఆటోలు చీకట్లో ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయని ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఒకే ఆటో. రోగుల సంఖ్య, పడకల సంఖ్య, కోట్ల సంఖ్య రాసిన కథనాలు ఎన్ని చదివినా ఆ మూడు ఆటోలు వాటిలో కనిపించేవి కావు. చూడాలంటే తెల్లవారుజామున రోడ్డు పక్కన ఉండాలి, ఉన్నవాళ్లు నిత్యం ఉన్నారు. వాళ్లను అడగడమే మిగిలింది.

తెలుగు బ్లాగుల పాత రోజుల గురించి మాస్టారు చెబుతుంటారు. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాసుకుని, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో ఒకరివొకరు చదువుకున్న కాలం. ఆ రాతల్లో చాలా మంచి సాహిత్యం, చాలా మంచి తగాదాలు ఉన్నాయట. ఊరి కొళాయి మాత్రం అరుదు, ఎందుకంటే కంప్యూటరు ఉన్నవాళ్లు అప్పటికే ఊరు దాటిపోయారు. ఇప్పుడు ఫోను ఊళ్లోనే ఉంది, చెబితే తానే తెలుగులో రాసుకుంటుంది. పిన్ని టైపు చేయదు, మాట్లాడి పంపుతుంది. మా బ్లాగు విలేకరుల్లో సగం మంది అలాంటివాళ్లే.

సెమిస్టరు అయిపోయింది, మార్కులు వచ్చాయి, బ్లాగు ఆపలేదు. ఈమధ్య జీడి షెడ్డులో పప్పు ఒలిచే ఒక అక్క వాయిస్ మెసేజ్ పంపింది. "నా పేరు రాయకు, నా కూలి రాయి" అని. కిలోకు ఇంత అని చెప్పారట, చేతికి వచ్చేది ఇంకో లెక్కట. రసీదులాంటిదేమీ ఉండదు, ఏ రోజు ఎన్ని కిలోలు ఒలిచిందో ఆవిడే ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటోంది. పుస్తకం ఫోటోలు పంపింది. ఆ షెడ్డులోనే పనిచేసే ఇంకొకరి పుస్తకం కూడా కావాలి, అది దొరికితే తప్ప ఇదంతా కుడి వరుసలోనే ఉంటుంది. యజమానిని కూడా అడగాలి. ఆయన మా నాన్నకు వరసకు బావ. వచ్చే ఆదివారం వాళ్లింట్లో గృహప్రవేశం, అందరం పిలుపు అందుకున్నాం. భోజనాలకు ముందు అడగాలా, తర్వాత అడగాలా అని అమ్మ, నాన్న ఇంకా వాదించుకుంటున్నారు. అడగవద్దని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.